కటింగ్

మా బాపు వేలిముద్ర మనిషి. అయినా ఆయన నోట్లె రోజుకు పదిసార్లు మెదిలే ఇంగ్లీషు మాట ఒకటుండేది. కటింగ్.

ఎడపల్లి, బోధన్ దిక్కు కటింగ్ అంటే మొదలు చెరుకు కొట్టుడే. శక్కర్‌నగర్‌ల 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డర్ వస్తెనే చేన్ల కత్తి పడేది. కొట్టిన చెరుకు నిలవుంటే తూకమూ పోతది, తీపీ పోతది. అందుకే చలికాలం కోడికూతకే మా మాదిగవాడ లేచేది. అవ్వ చేతులనిండ చెరుకాకు గీరిన గీతలు. లెక్క చేసేనాడు పటేలు నోట్లె అదే మాట ఇంకో తీరుగ వచ్చేది: అడ్వాన్సు కటింగ్, నాగాల కటింగ్. అన్ని కటింగులు పోను చేతుల పడ్డది చూసి బాపు నవ్వేటోడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ అర్థం కాలే.

మూడోది తల కటింగ్. మా ఊర్ల మంగలి మాకు చెయ్యడు. ఆయన్ను తిట్టబుద్ధి కాదు, పటేండ్ల గడ్డాలే ఆయన అన్నం. బాపే కత్తెర పట్టేటోడు. 2000లో, ఏడో తరగతిల, నా తల చూసి సారు “ఎలుక కొరికిందారా?” అన్నడు. క్లాసంత నవ్వింది.

ఆ ఐతారం బాపు నన్ను పట్నం సెలూన్‌కు తీస్కపోయిండు. మెడకు గుడ్డ కడుతూ ఆయన అడిగిండు, “మీరు ఏమోళ్లు?”

“కాపోళ్లం” అన్నడు బాపు.

అద్దంల నేను నన్ను చూసుకోలే. బాపును చూసిన. ఆయన తల దించుకొని బయటికి పోయి నిలబడ్డడు. అంటరానితనం పేర పని చెయ్యననుడు 1955 చట్టం కిందనే నేరమని డిగ్రీలకొచ్చినంక చదివిన. అప్పటికి బాపు లేడు.

ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌ల మూతబడ్డది. మొన్న మా బడిల బోర్డు మీద కటింగ్ అని రాసి అర్థాలు అడిగిన. కేక్ కటింగ్, కరెంట్ కటింగ్ అన్నరు. చెరుకు మాట ఒక్కరూ ఎత్తలే. వెనక కూసున్న మా వాడ పిలగాని తల చూసిన. ఎలుక కొరికినట్టే ఉన్నది.

బడి విడిచినంక వాణ్ని తీస్కొని సెలూన్‌కు పోయిన. బయట ఆగలే, కుర్చీ పక్కనే నిలబడ్డ.

“పిలగాడు ఏమోళ్లు సారూ?”

“మాదిగోళ్లం. నేనూ, వాడూ.”

ఆయన నా దిక్కు కాసేపు చూసిండు. తర్వాత గుడ్డ దులిపి వాని మెడకు కట్టిండు.