మేడ మీద మధ్యగోడలు

అయితే మేడ వేస్తున్నారన్నమాట! గేటు ముందు ఇసుక దిగినప్పుడే అనుకున్నాను. మీరు చెప్పకపోతే మాకు తెలియదనుకున్నారా వదినగారూ? మంచినీళ్లకని మా ఇంటికొచ్చి మీ మేస్త్రి అన్నీ చెప్పేశాడు. పైన రెండు గదులూ, ఒక చిన్న హాలూనట.

మధ్యగోడల దగ్గర ఇంట్లో పంచాయితీ నడుస్తోందట కూడానూ. మీ అబ్బాయి జిప్సం బోర్డు అంటాడు, మీ అత్తగారు ఇటుకే కావాలంటారు. ఆవిడ షాపుకెళ్లి బోర్డు గోడను వేళ్లతో టకటకా కొట్టి, "ఇదేం గోడ, అంతా డొల్ల" అన్నారట. మనవాళ్లంతా అంతే లెండి. మా ఆయన అద్దెకి ఇల్లు చూడబోయినా ముందు గోడ తట్టేవారు, ఆ తర్వాతే కుళాయి తిప్పేవారు.

డొల్ల అన్నమాట నిజమే. మధ్యలో రేకు చట్రం, అటూ ఇటూ బోర్డు. బోర్డు లోపల జిప్సం, పైన కాగితం. అంతే! కానీ మేడ మీద కలిసొచ్చేది ఆ డొల్లతనమే. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు గోడని నాలుగున్నర అంగుళాల ఇటుకతో కట్టి, రెండు వైపులా సిమెంటు పూత పూస్తే దాదాపు రెండున్నర టన్నులు తూగుతుంది. అదే గోడ బోర్డుతో అయితే రెండు మూడు క్వింటాళ్లు. ఇంటి స్లాబుకి మనుషులకీ సామానుకీ కలిపి లెక్కవేసేది చదరపు మీటరుకి 200 కిలోలే. గోడల బరువు దానికి వేరే.

ఆ బరువు కింద బీము ఉన్నచోట పడితే చింత లేదు. స్లాబు నట్టనడుమ పడిందా, స్లాబు కొంచెం కొంచెంగా వంగుతుంది, పైన గోడ పగులుతుంది. మా చుట్టాలింట్లో అదే జరిగింది. కింద హాలు విశాలంగా ఉండాలన్నారు, పైన సరిగ్గా దాని మధ్యలో ఇటుకగోడ లేపారు. ఇప్పుడా పగులు మీద క్యాలెండరు వేలాడుతోంది. ఇంటికెవరొచ్చినా ముందు దాన్నే ఎత్తి చూస్తారు, పాపం.

క్యాలెండరంటే గుర్తొచ్చింది. బోర్డుకి మామూలు మేకు ఆగదు. దానికని వేరే బిగింపులు దొరుకుతాయి. టీవీ, అలమర ఎక్కడొస్తాయో ముందే చెబితే లోపల ప్లైవుడ్ ముక్క పెట్టి మూస్తారు. మీరేమో పండగ పండగకీ ఫొటోల చోటు మారుస్తారు! ఆ సుత్తి దెబ్బలు మాకు వినపడుతూనే ఉంటాయి. బోర్డుల మధ్య రాక్‌వూల్ కూడా నింపించండి. ఖాళీగా వదిలేస్తే మీ మామగారి గురక పక్కగదిలో ఎవరినీ పడుకోనివ్వదు.

బాత్రూముకి మాత్రం బోర్డు మాటెత్తకండి. ఆకుపచ్చ బోర్డు తేమకి ఆగుతుందంటారు, నిజమే, కానీ మనం బకెట్లతో కుమ్మరించుకునేవాళ్లం, గచ్చంతా బాల్చీ నీళ్లతో కడిగేవాళ్లం. అన్ని నీళ్లకి అది ఆగదు. పైగా కాగితమంటే చెదలకి ప్రాణం.

అన్నట్టు, తేలిక బ్లాకులు చూశారా? నీళ్లలో వేస్తే తేలుతాయి. వాటితో నాలుగంగుళాల గోడ కడితే ఇటుకగోడ బరువులో సగం కూడా ఉండదు. మీ అత్తగారు ఎంత తట్టినా డొల్లగా మోగదు కూడాను. ఇంట్లో పోట్లాట లేకుండా పోతుంది.

నన్నడిగితే బాత్రూముకి ఇటుక, అదీ కింద బీములు చూసుకుని. గదుల మధ్య కింద బీముంటే బ్లాకులు, లేకపోతే బోర్డు. బీములెక్కడున్నాయో, కింద పిల్లర్లు ఎంత మోస్తాయో మేస్త్రి కాదు, ఇంజినీరు చెప్పాలి. ఇటుకల లారీ రాకముందే ఆయన్ని ఒకసారి మేడ ఎక్కించండి, వదినగారూ.