ఐదో కవరు

పిల్లల చదువు గురించి రాయడానికి నాకంటే తెలిసినవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. నేను రాస్తున్నది మా కారు బానెట్ కింద జరిగిన సంగతి. దాన్ని మా అమ్మాయి చదువుతో ఎందుకు కలిపానో చివరికి మీకే తెలుస్తుంది.

మాది పర్చూరు దగ్గర పల్లెటూరు. ఒకప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. నల్లరేగడి నేల, పత్తి, మిరప మా పంటలు. మా కారు పేరుకే కారు. పొలానికి, గుంటూరు మిర్చి యార్డుకి, పిల్ల స్కూలుకి అన్నిటికీ అదే. సీజన్ అయ్యేసరికి బానెట్ ఎత్తితే ఒక మూల దూది, ఒక మూల ఎర్రటి మిరప దుమ్ము, వాటి మీద రేగడి మట్టి. మిరపకాయ ఘాటుకి ఎలుకలు రావంటారు. మా కారులోకి మాత్రం నిక్షేపంగా వచ్చాయి.

కిందటి ఏప్రిల్‌లో ఒక ఆదివారం గుంటూరు నుంచి వచ్చీ రాగానే, మందు కొట్టే పవర్ స్ప్రేయర్ తీసి ఇంజిన్ మీద నీళ్ళు కొట్టడం మొదలుపెట్టాను. బండి ఇంకా వేడిగానే ఉంది. మా అమ్మాయి పక్కనే నిలబడి చీకటి మూలలకు సెల్‌ఫోన్ లైటు చూపిస్తోంది. బండి ఆపేశాను కదా అని ధీమాగా వంగాను. ఉన్నట్టుండి రేడియేటర్ ఫ్యాన్ గిర్రున తిరిగి, నా భుజం మీది తువ్వాలు కొసను లాగేసింది. మా అమ్మాయి చున్నీ దానికి జానెడు దూరంలో ఉంది.

ఇంజిన్ ఆపినా, వేడి ఎక్కువగా ఉంటే చాలా కార్లలో ఆ ఫ్యాన్ దానంతట అదే తిరుగుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. పిల్లను దూరంగా పొమ్మని కసిరాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు దానికి లెక్కల పరీక్ష. పొద్దున బండి స్టార్ట్ అయింది గానీ ఊరు దాటకముందే కుదుపులు, చెక్ ఇంజిన్ లైటు, ఆ తర్వాత కదల్లేదు. పక్కింటాయన బైకు మీద పంపించాం. బెల్లు కొట్టే వేళకు చేరింది. మెకానిక్ వచ్చి చూస్తే స్పార్క్ ప్లగ్గులు కూర్చునే గుంటల్లో నీళ్ళు నిలిచి ఉన్నాయి. "నీళ్ళతో అంత నష్టం లేదండీ, ప్రెషర్‌తోనే. వాన కూడా వెళ్ళని చోటికి ప్రెషర్ నీళ్ళను తోసేస్తుంది. పైగా వేడి ఇంజిన్ మీద చన్నీళ్ళు పడితే లోహం పగిలినా పగలొచ్చు" అన్నాడు.

ఆ సాయంత్రం పరీక్ష ఎలా రాశావని అడిగాను. ఒక లెక్క తప్పిందంది. నా నోరు ఊరుకోదు కదా. "ఎన్నిసార్లు చెప్పాను, స్టెప్పులు ఎగ్గొట్టి ఆన్సర్ రాసేస్తావు" అన్నాను. అది నెమ్మదిగా, "నువ్వు కూడా నిన్న స్టెప్పులు ఎగ్గొట్టావు కదా నాన్నా?" అంది.

వాళ్ళమ్మ నవ్వు ఆపుకుంటోంది. నాకు మాత్రం ఆ చున్నీ కళ్ళముందు మెదిలింది. అప్పుడు చెప్పాను ఇద్దరికీ, ఫ్యాన్ సంగతి. తప్పు నాదేనని కూడా చెప్పాను. నాకు గుర్తున్నంతవరకు మా అమ్మాయి ముందు ఆ మాట అనడం అదే మొదటిసారి.

వేసవి సెలవుల్లో మళ్ళీ పని పెట్టుకున్నాం. ఈసారి స్టెప్పులు మెకానిక్‌ని అడిగి మా అమ్మాయే నోటు పుస్తకంలో రాసింది. రాత్రంతా నీడలో నిలిపిన బండిని పొద్దున ఆరింటికి తెరిచాం. ఇంజిన్ చల్లగా ఉంది. మొదటి నిబంధన తనే పెట్టింది: తాళం తన జేబులో ఉంటేనే నేను లోపల చెయ్యి పెట్టాలి. చున్నీ లేదు, జుట్టు ముడి వేసుకుంది. నా ఉంగరం, తన గాజులు తీసేశాం. బ్యాటరీ దగ్గర లోహం రెండు టెర్మినళ్ళకూ తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి, చెయ్యి కాలుతుంది. బ్యాటరీ మైనస్ వైరు నేనే ఊడదీశాను. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర.

తర్వాత దూది. మాస్కు, గ్లౌజులు వేసుకుని చేత్తో ఏరాం. బ్లోయర్ పెడితే మిరప దుమ్ము లేచి ఇల్లంతా దగ్గుతుంది, కళ్ళు మండుతాయి. అందుకే తడిపి పిండిన గుడ్డతోనే తుడిచాం. ఎలుక గూటిని పొడిగా ఊడ్వకుండా ముందు బ్లీచింగ్ నీళ్ళు చల్లి, కాసేపాగి తీశాం. ఎలుక మూత్రం వల్ల రోగాలొస్తాయి కాబట్టి ఆ పని నేనే చేశాను. ఆ గూడు తీసిన చోటే మా అమ్మాయి పిలిచింది: "నాన్నా, ఈ వైరు చూడు." పైతొడుగు కొరికేసి ఉంది, రాగి కనిపిస్తోంది. చుట్టూ దూది, లోపల బోసి వైరు. ఆ బండిలోనే రోజూ పిల్లను ఎక్కించుకుని తిరిగాను. టేపు చుట్టి సరిపెట్టకుండా ఆటో ఎలక్ట్రీషియన్‌ని పిలవాలని అప్పుడే అనుకున్నాం.

రేడియేటర్ రెక్కల్లో దూది పేరుకుంటే గాలి ఆడదు, బండి వేడెక్కుతుంది. ఆ రెక్కలు రేకు కంటే పల్చన, ఇట్టే వంగిపోతాయి. వాటిని మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందికి దులిపింది. రేడియేటర్ మూత జోలికి వెళ్ళలేదు. ఆ కూలెంట్ తియ్యగా ఉండే విషం. పిల్లలకు, కుక్కలకు అందనివ్వకూడదు.

తడి పని మొదలుపెట్టే ముందు బ్యాటరీకి, ఫ్యూజ్ బాక్సుకి, ఆల్టర్నేటర్‌కి, కంప్యూటర్ పెట్టెకి, ఎయిర్ ఫిల్టర్ నోటికి ప్లాస్టిక్ కవర్లు కట్టాం. లెక్క ఐదు. పైపు పెట్టలేదు. బకెట్ నీళ్ళలో కొంచెం కార్ షాంపూ, పిండిన గుడ్డ, పాత టూత్ బ్రష్, అంతే. మా వైపు చాలామంది మెరుపు కోసం డీజిల్, కిరోసిన్ పూస్తారు. మెరుస్తుంది గానీ రబ్బరు పైపులు పాడవుతాయి, దుమ్ము ఇంకా అంటుకుంటుంది, నిప్పు భయం ఎలాగూ ఉంది. మేం ఆ జోలికి పోలేదు. తుడిచాక బానెట్ ఎత్తి రెండు గంటలు ఆరబెట్టాం.

ఎలక్ట్రీషియన్ వచ్చి వైరు మార్చి వెళ్ళాడు. బ్యాటరీ బిగించాను. "తాళం ఇవ్వమ్మా" అని చెయ్యి చాపాను. ఇవ్వలేదు. నేల మీద కవర్లు లెక్కపెడుతోంది. "నాన్నా, ఐదు కట్టాం. ఇక్కడ నాలుగే ఉన్నాయి."

ఐదోది ఎయిర్ ఫిల్టర్ నోటికి ఉంది. అలాగే స్టార్ట్ చేసి ఉంటే ఇంజిన్ గాలి కోసం ఆ కవరునే లోపలికి లాక్కునేది. మరోసారి మెకానిక్, మరోసారి తిట్లు. ఈసారి తిట్లు ఎవరికి పడేవో నాకు తెలుసు.

కవరు తీసింది. ఐదూ మళ్ళీ లెక్కపెట్టింది. అప్పుడు తాళం ఇచ్చింది.

మీరూ ఇలా చేయదలిస్తే ఒక మాట. పెద్దవాళ్ళు పక్కన లేకుండా పిల్లలను బానెట్ దగ్గరికి పంపకండి. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ బండ్లలో నారింజ రంగు వైర్లుంటాయి, వాటిలో ప్రమాదకరమైన వోల్టేజి ఉంటుంది. ఆ బండ్లను సర్వీస్ సెంటర్‌కే వదిలెయ్యండి.

లెక్కల్లో స్టెప్పులు ఎగ్గొట్టే అలవాటు మా అమ్మాయికి పూర్తిగా పోయిందని చెప్పను. నేను గొంతు పెంచినప్పుడు మాత్రం ఈమధ్య ఐదు వేళ్ళు చూపిస్తోంది. నాకు అర్థమవుతుంది. కూర్చుని మొదటి స్టెప్పు నుంచి ఇద్దరం కలిసి చూస్తాం.