పంపు విప్పే ముందు

కామన్ రైల్ రాకముందటి డీజిల్ కారు పొద్దున్నే మొరాయిస్తే "పంపు పోయింది సార్" అనేస్తారు. రాత్రంతా ఆగిన బండి హ్యాండ్ ప్రైమర్ కొట్టగానే అందుకుందంటే, ఎక్కడో గాలి పీలుస్తోందనే నా అనుమానం. ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య లోపల కనిపించే పైపు ముక్క పెడితే బుడగలు బయటపడతాయి. చాలాసార్లు దొంగ పాత రబ్బరు పైపే.

స్టార్టయ్యాక ఇంజన్ మిస్ కొడుతుంటే, ఐడ్లింగ్‌లో ఇంజెక్టర్ పైపు నట్లు ఒక్కొక్కటే కాస్త వదులు చేస్తే, ఏ సిలిండర్ దగ్గర శబ్దం మారదో అది పనిచేయట్లేదన్నట్టే. (చెయ్యి అడ్డం పెట్టకండి, 100 బార్ దాటిన డీజిల్ చర్మంలోకి దూరుతుంది.) ఆ ఇంజెక్టర్‌ని పక్క సిలిండర్‌కి మార్చండి. జబ్బు దానితోపాటే వెళ్తే పంపుది తప్పు కాదు.

నల్లపొగైతే ముందు ఎయిర్ ఫిల్టర్, నాజిల్స్. ఆ తర్వాతే కాలిబ్రేషన్. టెస్ట్ బెంచ్ లేకుండా సీలు స్క్రూ తిప్పే మెకానిక్‌కి మాత్రం బండి ఇవ్వను.