హంసలదీవి తాబేళ్లు

కొండపల్లి బొమ్మల దశావతారాల్లో మత్స్యమూ, కూర్మమూ మా మనవలు ఎరిగినవే. ప్రాణమున్న కూర్మాన్ని చూపుదామని ఫాల్గుణమాసంలో నేనూ, మా ఆవిడా పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని బయలుదేరాము. బెజవాడ దాటి, కృష్ణ కరకట్ట వెంట అవనిగడ్డ, కోడూరుల మీదుగా హంసలదీవి చేరాము. వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుని, పాలకాయతిప్ప దగ్గర సముద్రపుటొడ్డుకు వెళ్లాము.

జనవరి మొదలు మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ ఈ తీరానికి వచ్చి, ఇసుకలో గొయ్యి తవ్వి, సుమారు నూరు గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. అటవీశాఖవారు వాటిని ఏరి కంచెలోపల కాపాడతారు. 45 మొదలు 60 రోజుల్లో పిల్లలు పైకి వస్తాయి. తెల్లవారుజామున వాటిని వదులుతుండగా చూశాము.

"తల్లి లేదుగా తాతయ్యా, సముద్రం ఎటుందో వీటికెవరు చెబుతారు?" అంది మనవరాలు.

ఆకాశమే చెబుతుంది. చీకట్లో సముద్రంవైపు ఆకాశం నేలవైపుకన్న తెల్లగా ఉంటుంది. ఆ వెలుగుకేసి అవి పాకుతాయి. ఒడ్డున విద్యుద్దీపం వెలిగితే అటు మళ్లి నశిస్తాయి. పెద్దవాటికి వలల భయం. తాబేలు ఊపిరికోసం నీటిపైకి రావాలి. మరపడవల ట్రాల్ వలలో చిక్కితే మునిగి చస్తుంది. అలాంటిదొకటి ఒడ్డున పడి ఉంది. పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు.

ఈ తీరమే దక్షిణంగా శ్రీహరికోటకు పోతుంది. సముద్రపు రంగును పైనుంచి కనిపెట్టే ఓషన్‌శాట్-3 అక్కడినుంచే 2022 నవంబరు 26న ఎగిరింది. ఇటువంటి ఉపగ్రహాల సాయంతోనే, చేపలు ఎక్కడ దొరికేదీ హైదరాబాదు నుంచి జాలర్లకు కబురందుతోంది. తాబేలుపిల్లకూ, జాలరికీ దారి చూపేది ఆకాశమే.

మనవలకు చూపదలచినవారు అటవీశాఖ అనుమతి తీసుకుని వెళ్లండి. టార్చిలైటు మాత్రం ఇంటివద్దే ఉంచండి.