గోదారి చివరి దీపం

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల వాళ్లకు సముద్రం చూడాలంటే వందల కిలోమీటర్లు పోవాలి. దూరం చూడటానికి మాత్రం వాళ్లకు గుట్టలు చాలు. ఎలగందుల ఖిల్లా ఎక్కితే చుట్టూ ఊళ్లూ చెరువులూ కనపడతాయి, రామగిరి ఎక్కినా అంతే. ఇలాంటి నేలకు లైట్‌హౌస్‌తో పనేముంది అనిపిస్తుంది. కానీ బాసర, ధర్మపురి, మంథని, కాళేశ్వరం ఒడ్డున పుట్టిన మనిషికి ఒక లైట్‌హౌస్‌తో దగ్గరి చుట్టరికమే ఉంది. అది గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేదిలో ఉంది.

దేవుడి వైపు నుంచి ఈ చుట్టరికం అందరికీ తెలిసిందే. ధర్మపురిలో లక్ష్మీనరసింహుడే, అంతర్వేదిలోనూ లక్ష్మీనరసింహుడే. బాసరలో నాగర్‌సోల్–నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గోదారి ఒడ్డున బయల్దేరి మళ్లీ గోదారి ఒడ్డునే దిగొచ్చు. ఆ బండి మొదలయ్యే నాగర్‌సోల్ నాసిక్ జిల్లాలోది, నది పుట్టిన త్ర్యంబకేశ్వరం కూడా ఆ జిల్లాలోదే. నర్సాపురం రేవులో పంటు ఎక్కి వశిష్ఠ పాయ దాటితే సఖినేటిపల్లి, అక్కణ్ణుంచి అంతర్వేది. దర్శనం చేసుకుని, సంగమంలో మునిగి, చాలామంది అక్కడితో వెనక్కి తిరుగుతారు. ఇంకాస్త ముందుకు పోయి లైట్‌హౌస్ కూడా ఎక్కాలి.

ఎక్కడం కొంచెం కష్టమే. మెట్లు గోడను పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పోతాయి, కాసేపటికే పిక్కలు పట్టేస్తాయి. పైకొచ్చాక గాలి చెంప మీద కొట్టినట్టు తగులుతుంది. కింద కొబ్బరితోటలు, ఒక పక్క నది, ఎదురుగా సముద్రం. వరదరోజుల్లో అయితే నది తెచ్చిన మట్టినీళ్లు సముద్రంలోకి పోయి కూడా వెంటనే కలిసిపోవు, రంగు మారే చోటు గీత గీసినట్టు తెలుస్తుంది. ఆ మట్టిరంగును కాళేశ్వరం దగ్గర ప్రాణహిత పొంగినప్పుడు చూసినవాళ్లు ఇట్టే గుర్తుపడతారు.

పాతకాలపు లైట్‌హౌస్‌లో దీపం కన్నా దాని చుట్టూ ఉండే గాజు గొప్పది. చెల్లాచెదురుగా పోయే వెలుగును మెట్లుమెట్లుగా అమర్చిన గాజుకట్టెలతో ఒక్క దిక్కుకు వంచవచ్చని ఫ్రెనెల్ అనే ఫ్రెంచి ఇంజినీరు కనిపెట్టాడు. ఆయన కటకం 1823లో కోర్దువాన్ దీపస్తంభంలో వెలిగింది. అంతర్వేదిలో కోపనాతి కృష్ణమ్మ కట్టించిన గుడి పూర్తయిందీ ఆ ఏడాదే. ప్రతి లైట్‌హౌస్ వెలుగుకూ ఒక నడక ఉంటుంది, ఎన్ని సెకన్లకొకసారి మెరవాలన్నది దేనికది వేరు. ఓడలోని మనిషి చీకట్లో సెకన్లు లెక్కపెట్టుకుని, పుస్తకంలో సరిచూసుకుని, ఇది ఫలానా తీరం అని తెలుసుకుంటాడు. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ ఉంది కాబట్టి దీపానికి ఎత్తు ఊరికే దొరికింది. డెల్టాలో కొండ లేదు. ఎత్తును ఇటుకా సిమెంటుతో కట్టుకోవాల్సిందే. 30 మీటర్ల ఎత్తున నిలబడితే నీటి అంచు సుమారు 20 కిలోమీటర్ల దూరాన కనపడుతుంది.

ఆ 20 కిలోమీటర్ల విలువ ఎంతో ఒక అమెరికా యుద్ధనౌకకు తెలిసొచ్చింది. దాని పేరు సాక్రమెంటో. 1867 జూన్ 19న గోదావరి మొగ దగ్గర, కొత్తపాలెం వైపు, నీటిలో కనపడని తిన్నె మీదికెక్కి విరిగిపోయింది. కెప్టెన్ పేరు నెపోలియన్ కాలిన్స్. అంతకు మూడేళ్ల ముందు బ్రెజిల్ రేవులో దూరి శత్రువుల ఓడ ఫ్లోరిడాను లాక్కుపోయిన సాహసి. అలాంటివాడు గోదారి మట్టి ముందు ఓడిపోయాడు. సిబ్బంది అంతా ప్రాణాలతో బయటపడటం అదృష్టం. ఓడ పోయినా పేరు నిలిచింది. ఆ తిన్నెకు సాక్రమెంటో అనే పేరొచ్చింది, డెల్టా తీరంలో ఆ పేరుతో ఒక లైట్‌హౌస్ కూడా ఉంది.

ఇంతకీ ఆ తిన్నె ఎవరిది? 1465 కిలోమీటర్ల దారిలో నది కడిగి తెచ్చిన మట్టి అది. అందులో మరాఠ్వాడా, విదర్భల నల్లమట్టి ఉంది. ఆదిలాబాద్ పత్తిచేల రేగడిని కడెం వాగు, పెద్దవాగు మోసుకొచ్చాయి. మానేరు కరీంనగర్ ఎర్రనేలను తెచ్చి మంథని అవతల గోదారికి అప్పజెప్పింది. కోనసీమ కొబ్బరికి కాయ పట్టించింది ఆ మట్టే, సాక్రమెంటోను పట్టుకున్నదీ ఆ మట్టే.

ఇప్పుడు ఆ మట్టి కిందికి పోవడం తగ్గింది. 1963 జులై 26న పోచంపాడులో నెహ్రూ పునాదిరాయి వేసిన శ్రీరాంసాగర్ కరీంనగర్ రైతు కడుపు నింపిన ప్రాజెక్టు, దాన్ని తప్పుపట్టే మాటే లేదు. కానీ 112 టీఎంసీలకు కట్టిన ఆ జలాశయం పూడికతో 1994 సర్వే నాటికే 90కి పడిపోయింది, తర్వాత 80 దగ్గరికొచ్చింది. పూడిక మాటెత్తితే ఇక్కడ నీళ్లు పోయాయనే బాధే వినపడుతుంది. ఆ మట్టి రాకపోతే కింద ఏమవుతుందో అంతర్వేది తీరానికి వెళ్తే అర్థమవుతుంది. ఆంధ్రా యూనివర్సిటీ ఆచార్యులు కె. నాగేశ్వరరావు బృందం 2010లో అచ్చేసిన లెక్క ప్రకారం గోదావరి డెల్టాకు చేరే ఒండ్రు 1970–79లో 15.02 కోట్ల టన్నులైతే, 2000–06 నాటికి 5.72 కోట్ల టన్నులే. 1965 నుంచి 2008 దాకా కృష్ణా గోదావరి డెల్టాలు రెండూ కలిపి నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసింది.

తిన్నెలకు భయపడి దీపం పెట్టుకున్న తీరం, ఇవాళ తిన్నెలకు మట్టి చాలక కోసుకుపోతోంది. పోచంపాడులో ఆగిన రేగడి, అంతర్వేదికి చేరని ఒండ్రు, రెండూ ఒకటే. కాబట్టి శ్రీరాంసాగర్ పూడిక మీద కరీంనగర్‌లోనో నిర్మల్‌లోనో ఇంజినీర్లూ రైతులూ కూర్చునే రోజున కోనసీమ మత్స్యకారుల్ని కూడా పిలవాలి. అంతకుముందు ఒకసారి, ఆగస్టు వరదలప్పుడు, ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీ పిల్లల్ని బాసరలో రైలెక్కించి అంతర్వేది లైట్‌హౌస్ పైదాకా తీసుకుపోవాలి.