ఏటికొప్పాక: అంకుడు కర్ర నిలబెట్టిన ఊరు

విశాఖపట్నం నుంచి రాజమండ్రి వైపు వెళ్లే జాతీయ రహదారి మీద ఎలమంచిలి దాటాక అడ్డరోడ్డు వస్తుంది. అక్కడ నర్సీపట్నం వైపు మళ్లితే కాసేపటికే ఏటికొప్పాక. ఊరి పక్కనే వరాహ నది. తూర్పు కనుమల్లో పుట్టిన ఈ ఏరు పొలాలకు నీరిస్తూ బంగాళాఖాతం దారి పడుతుంది. పడమట కొండలు, అడవి. తూర్పున కొద్ది దూరంలో సముద్రం. మధ్యలో చెరకుకు, వరికి అనువైన నేల. ఈ ఊరి కథంతా ఈ అమరికలోంచే పుట్టింది. పొలం చెరకునిచ్చింది, కొండ కర్రనిచ్చింది. రెండూ రెండు రకాల బతుకుతెరువులయ్యాయి.

ఏటికొప్పాక పేరు చెప్పగానే అందరికీ బొమ్మలే గుర్తొస్తాయి. నేను వెళ్లిందీ వాటి కోసమే. ఊరు తిరుగుతుంటే మాత్రం చెరకు మాట ఎత్తని రైతు కనపడలేదు. 1933లోనే ఇక్కడ సహకార చక్కెర కర్మాగారం వెలిసింది. దేశంలోని తొలి సహకార చక్కెర మిల్లుల్లో ఇదొకటి. స్వాతంత్ర్యం రాకముందే ఒక పల్లెటూరి రైతులు వాటాదారులై మిల్లు నిలబెట్టుకున్నారంటే అది చిన్న విషయం కాదు. అనకాపల్లి బెల్లం మార్కెట్ ఒకవైపు, ఈ మిల్లు మరొకవైపు ఉండబట్టే ఈ ప్రాంతమంతా చెరకు సీమగా పేరు తెచ్చుకుంది. ఆ వైభవం ఇప్పుడు లేదు. ఉత్తరాంధ్ర సహకార మిల్లులు అప్పుల్లో కూరుకుపోయాయి, రైతుల బకాయిలు పేరుకుపోయాయి, చెరకు సాగు తగ్గింది. పొలం మీద భరోసా సన్నగిల్లిన ఊళ్లో చేతిపని విలువ ఎంతో బొమ్మల వీధిలోకి అడుగుపెట్టాక తెలిసింది.

ఒక ఇంటి వసారాలో లేత్ మిషన్ తిరుగుతోంది. నడివయసు కళాకారుడొకరు "రండి బాబూ, కూర్చోండి" అంటూ పీట జరిపి, పని ఆపకుండానే మాట్లాడారు. మిషన్‌కు బిగించిన అంకుడు కర్ర దుంగ గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించారు. తెల్లటి చెక్క పొట్టు రిబ్బన్లలా ఒళ్లో పడుతోంది. కొలత లేదు, గీత లేదు. చూస్తుండగానే ఒక మెడ, ఒక నడుము, ఒక గుండ్రటి పీఠం తేలాయి. తర్వాత ఎర్రటి లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు అదిమారు. ఒరిపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంది. ఆ పైన మొగలి ఆకుతో రుద్దేసరికి రంగు సమంగా పరుచుకుని అద్దంలా మెరిసింది. కుంచె లేదు, డబ్బా రంగు లేదు, ఆరబెట్టే పని లేదు.

"కర్ర బాగా ఎండాలండి. పచ్చి ఉంటే ఈ రోజు బాగానే ఉంటాది, రేపు పగిలిపోద్ది" అన్నారాయన. అంకుడు కర్ర తెల్లగా, తేలిగ్గా, మెత్తగా ఉంటుంది. నరం సన్నం కాబట్టి ఉలికి లొంగుతుంది, లక్కను పట్టుకుంటుంది. కొండపల్లి వాళ్లు పొణికి కర్రను చేత్తో చెక్కి బొమ్మ చేస్తారు. ఇక్కడ బొమ్మ మిషన్ మీద పుడుతుంది. అందుకే ఏటికొప్పాక బొమ్మలో ఏ భాగం చూసినా గుండ్రమే. రాజూ రాణీ, ఎడ్లబండి, బొంగరం, కుంకుమ భరిణె, దశావతారాలు అన్నీ ఆ గుండ్రటి ముక్కలను విడివిడిగా తీసి కలిపినవే. పదునైన అంచుల్లేవు కాబట్టి పసిపిల్లల చేతికి భయం లేకుండా ఇవ్వొచ్చు. మన అమ్మమ్మల తరం ఆడపిల్లలు వంటాట ఆడుకున్న లక్కపిడతలు ఈ విద్యవే.

ఈ విద్య ఒక దశలో చేజారిపోయేది. చౌకగా దొరికే రసాయన రంగులు వచ్చి పాత రంగులను పక్కకు నెట్టాయి. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకు ఆ రంగులు పనికిరావు. పైగా ప్లాస్టిక్ బొమ్మల పోటీ. అప్పుడు ఊరికి అండగా నిలిచినవారు ఇదే ఊరి చింతలపాటి వెంకటపతి రాజు. అందరూ సి.వి. రాజు అంటారు. గింజలు, వేళ్లు, బెరళ్లు, ఆకుల నుంచి రంగులు తీసి, వాటిని లక్కకు పట్టించే పద్ధతులను ఆయన కళాకారులతో కలిసి తిరిగి నిలబెట్టారు. పసుపు కొమ్ము నుంచి పసుపు, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలి మొక్క నుంచి నీలం. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇంకో ఇంట్లో లక్క తయారీ చూశాను. బొగ్గుల కుంపటి సెగకు లక్క మెత్తబడగానే ఇద్దరు ఆడవాళ్లు దాన్ని సాగదీసి, మడిచి, మళ్లీ సాగదీస్తున్నారు. ప్రతి మడతలోనూ రంగు కలుస్తోంది. చివరికి అది కడ్డీగా మారుతుంది. సెగ ఎక్కువైతే రంగు మాడుతుంది, తక్కువైతే కలవదు. ఆ పాకం తెలిసిన చేతులు పేర్లకెక్కవు గానీ బొమ్మ మెరుపంతా వాళ్లదే.

ఊరికి గుర్తింపు కొరత లేదు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2020 ఆగస్టులో ప్రధాని మన్ కీ బాత్‌లో ఈ బొమ్మల ప్రస్తావన తెచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలతోనే కర్తవ్యపథ్ మీద నడిచింది. ఆటబొమ్మలకు నాణ్యతా ముద్ర తప్పనిసరి చేసినప్పుడు కూడా నమోదైన హస్తకళాకారులకూ, భౌగోళిక గుర్తింపున్న బొమ్మలకూ కేంద్రం మినహాయింపునిచ్చింది. ఇవన్నీ మంచి పనులే, అవసరమైనవే.

అయితే నేను మాట్లాడిన వాళ్లలో ఎవరూ ముందుగా బిరుదుల మాట ఎత్తలేదు. అందరిదీ ఒకటే మాట, కర్ర. ఒకప్పుడు చుట్టుపక్కల కొండల మీదే అంకుడు దొరికేది. కొట్టినంతగా నాటకపోవడంతో అది దూరమైంది. ఇప్పుడు నర్సీపట్నం వైపు అడవుల మీద ఆధారపడాలి. దూరం పెరిగితే ధర పెరుగుతుంది, ధర పెరిగితే కళాకారుడి కూలి కరుగుతుంది. కూలి గిట్టకపోతే కొడుకు అచ్యుతాపురం ఫ్యాక్టరీల్లో నెల జీతానికి వెళ్తాడు. అతన్ని తప్పుపట్టలేం. కానీ ఈ విద్య పుస్తకంలో చదివి వచ్చేది కాదు. ఉలి పట్టే కోణం, లక్క అదిమే ఒత్తిడి తండ్రి పక్కన కూర్చుని నేర్చుకోవాల్సినవి. ఒక తరం లేచి వెళ్లిపోతే తర్వాతి తరానికి నేర్పేవాళ్లుండరు.

దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు. అంకుడు పెద్ద మానుగా ఎదగాల్సిన పని లేదు. సరిగ్గా కొడితే మోడు నుంచే మళ్లీ చిగురిస్తుంది. వరాహ గట్ల మీద, చెరువు గట్ల మీద, పంచాయతీ బంజర్లలో, చెరకు వదిలేసిన మెట్ట చెలకల్లో అంకుడు నాటించి, కోత హక్కు కళాకారుల సంఘాలకే ఇస్తే కొన్నేళ్లలో కర్ర కొరత తీరుతుంది. తొంభై ఏళ్ల కిందటే సహకార మిల్లు కట్టుకున్న ఊరికి సహకారంతో ఒక వనం పెంచుకోవడం రాదా? ప్రభుత్వం భూమి చూపించాలి, అటవీ శాఖ మొక్కలివ్వాలి. మిగతాది ఊరు చూసుకోగలదు.

చదువరులకూ ఒక మనవి. సంక్రాంతి బొమ్మల కొలువుకో, పసిబిడ్డ మొదటి పుట్టినరోజుకో బొమ్మ కొనేటప్పుడు ఏటికొప్పాకను తలుచుకోండి. వీలైతే ఆ ఊరికే వెళ్లి, పని చూసి, చేసినవాళ్ల దగ్గరే కొనండి. బేరమాడకండి. మీరిచ్చే ఆ ధరే ఆ ఇంటి కుర్రాణ్ణి లేత్ ముందు కూర్చోబెడుతుంది.