రంగులరాట్నమును, కడుపులోని వికారమును



బస్సెక్కినది మొదలు చేత నిమ్మకాయ పట్టుకొని, కిటికీప్రక్క చోటుకై యితరులను బ్రతిమాలుకొను స్త్రీలు మనలో ననేకులు కలరు. ఉయ్యాల యెక్కిన గుండె జారువారును, మేడమీది పిట్టగోడ కడకు బోయి క్రిందికి జూడజాలనివారును గలరు. ఈ బాధలు ప్రాణము దీయునవి కావు గావున వీనిని గూర్చి యోచించువారు తక్కువ, నవ్వువా రెక్కువ. జ్వరము వచ్చిన దుప్పటి కప్పి పాలు కాచి యిత్తురు. బండిలో వాంతియైనచో ముక్కు మూసికొని ప్రక్కకు జరుగుదురు. రెండును దేహధర్మములే కదా!

నా పుట్టినిల్లు పాడేరు, అత్తవారిల్లు విశాఖపట్టణము. ఈ రెంటి నడుమ చోడవరము వఱకు దారి సాపు. ఆపైని కొంతదూరము పోగానే ఘాటురోడ్డు. ఆ కొండమలుపులలో నేను పడు పాట్లు మా యింట సామెతయై పోయినవి. "దానికి పాడేరు పేరు చెబితే చాలు, డోకొస్తుంది" అని మా యాడబిడ్డ పదిమందిలో ననుచుండును. నవ్వుల కేమి గాని, ఒకమారు మా యమ్మకు జబ్బుగా నున్నదని కబురు వచ్చినప్పుడు, చూడవలెనను తహతహకంటె ముందుగా ఆ మలుపులే నా కన్నులయెదుట నిలిచినవి. ఇంత చిన్న వికారము ఆడుదానిని పుట్టినింటికి దూరము చేయగలదని నాకు తెలిసినది అప్పుడే. నా కూతునకు పదునొకండవ యేడు. దానికిని నా కడుపే వచ్చినది; చాలదని, ఎత్తన్న భయ మొకటి. అదియు నావలెనే మలుపులు లెక్క పెట్టుకొనుచు నింట గూర్చుండునేమో యని నాకు బెంగ.

గత సంక్రాంతి సెలవులకు హైదరాబాదులోని మా చెల్లెలింటికి బోయితిమి. చెల్లెలి కొడుకు పదుమూడేండ్లవాడు, వట్టి దుడుకువాడు. నగరము వెలుపల నున్న వినోదవనమునకు బోవలెనని, అందలి యంత్రములన్నియు నెక్కవలెనని వానికి నెలనాళ్ళ ముందునుండియే పట్టు. మా యమ్మాయికి బోవలెననియు నున్నది, భయముగను నున్నది. మావారు "ఒకసారి కూర్చోబెట్టి బెల్టు బిగిస్తే భయం అదే పోతుంది" అనిరి. మా యత్తగారు ఫోనులో "ఆడపిల్లకు ఆ గిరగిరలెందుకమ్మా" అనిరి. ఈ రెండు తీర్పులలో నొకటియు నాకు రుచింపలేదు. బలవంతముగా నెక్కించినను, ఎక్కనే వద్దన్నను, పిల్ల తన దేహమును తా నెఱుగు త్రోవ యందు లేదు. కావున ముందు సంగతి యేమో తెలిసికొందమని, నేను చదివినదియు, మా వైద్యురాలి నడిగినదియు గలిపి, మా చెల్లెలి వంటింటిలోనే దానికి పాఠము చెప్పితిని.

చెవి వినుటకు మాత్రమే యున్నదని మనము తలంతుము. చెవి లోపల, ఎముకలో దాగి, మూడు సన్నని వంపుగొట్టములు గలవు. వానిలో నీరువంటి ద్రవము నిండియుండును. తల యెటు తిరిగినదియు ఆ గొట్టములే మెదడునకు దెలుపును. ఈ విషయమై చేసిన కృషికే రాబర్టు బారనీ యను వైద్యునకు 1914వ సంవత్సరపు నోబెలు బహుమానము లభించినది. నేను గిన్నెలో మజ్జిగ పోసి, పైని రెండు కరివేపాకులు వేసి, గిన్నెను చేతులతో గిఱ్ఱున ద్రిప్పితిని. గిన్నె తిరిగినది గాని మజ్జిగ వెంటనే తిరుగలేదు. ఆకు లున్నచోటనే యున్నవి. త్రిప్పగా ద్రిప్పగా మజ్జిగయు గిన్నెతో గలిసినది. అంతట గిన్నె నాపితిని. మజ్జిగ తిరుగుచునే యున్నది. "రాట్నం దిగాక కూడా లోకం తిరిగినట్టుండేది ఇందుకేనా అమ్మా?" యని పిల్ల యడిగినది. ఇందుకే. పిల్లలు గిరగిర తిరిగి యొక్కసారిగా నిలిచి తూలుటయు, మనము నవ్వుటయు, అంతయు చెవిలోని మజ్జిగ మహిమ.

కన్నులు తిరుగుట సరే, కడుపున వికార మెందుకు? బస్సులో తలవంచి పుస్తకము చదువునప్పుడు కన్ను "కదలుట లేదు" అనును. చెవి "మలుపు తిరుగుచున్నాము" అనును. ఇద్దరు సాక్షులు విరుద్ధముగా బలుకగా మెదడు కలత జెందును. ఆ కలతయే వికారమునకు మూలమని శాస్త్రజ్ఞులలో నెక్కువమంది యభిప్రాయము. విలియం జేమ్సను అమెరికా పండితుడు చెవిటి మూగవారిని పరీక్షించి, వారిలో బలువురకు ఎంత త్రిప్పినను తల తిరుగుట లేదని 1882లో ప్రకటించెను. అనగా లోచెవి చెడినవారికి ఈ బాధ లేదు. మనకున్నది చెవి చక్కగా బనిచేయుటచేతనే గాని బలహీనతచేత గాదని మా యాడబిడ్డతో జెప్పవలెనని మనసున నుంచుకొంటిని. రెండేండ్లలోపు పసిబిడ్డల కీ బాధ అరుదు. ఆపై బండ్రెండేండ్ల వఱకు మిక్కుటము. పురుషులకంటె స్త్రీలకు హెచ్చు. పార్శ్వపునొప్పి గలవారికి మఱింత హెచ్చు.

దీనికి మందు దొరకిన కథయు నొక స్త్రీ కథయే. 1947లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో, దద్దుర్లకై యొక క్రొత్తమందును గర్భవతియైన యొకామె కిచ్చి చూచిరి. ఆమెకు ట్రాముబండి యెక్కిన వికార మయ్యెడిది. ఆ మందు పుచ్చుకొన్నప్పుడు ట్రాములో వికారమే లేదని ఆమె వైద్యులకు జెప్పినది. తరువాత దానిని సముద్రముమీద బోవు సైనికులకు నిచ్చి చూడగా వారికిని గుణమిచ్చినది. అదియే డ్రమమైను. అడుగని సంగతిని ఆ తల్లి నోరు విప్పి చెప్పినది గనుక సరిపోయినది గాని, మనలో నెందరు వైద్యుని యెదుట నిట్టి "చిన్న" మాట చెప్పుదురు? ఇప్పుడీ జాతి మాత్రలు పలురకములు గలవు. ప్రయాణమునకు అరగంటయో గంటయో ముందుగా వేసికొన్ననే పనిచేయును. వాంతి మొదలైన పిమ్మట మ్రింగిన లాభము లేదు. మగతయు గలుగును. పిల్లలకు వయసునుబట్టి మోతాదు మాఱును గావున వైద్యుల నడుగక యీయరాదు. అల్లము సంగతి వేఱు. కొందఱు చేసిన పరీక్షలలో గుణమిచ్చినది, కొందఱు చేసినవానిలో నీయలేదు. నాకు మాత్రము అల్లపుమురబ్బా ముక్క నోట నున్నచో ధైర్యముగా నుండును. అపకారము లేదు గదా యని మానుకొనలేదు.

ఎత్తుభయము వేఱొక జాతి. ఎలినార్ గిబ్సన్ అను విదుషీమణియు, రిచర్డ్ వాక్ అను నాయనయు 1960లో ప్రకటించిన పరీక్ష యొకటి తల్లులందఱు వినదగినది. ఒక పెద్ద యద్దపుబల్ల చేయించిరి. ఒక సగమున అద్దము క్రిందనే గళ్ళగుడ్డ. రెండవ సగమున గళ్ళగుడ్డ నేలమీద, అడుగున లోతుగా గనబడును. ప్రాకు ప్రాయపు బిడ్డలను 36 మందిని నడుమ గూర్చుండబెట్టి, తల్లులచేత ఇరుప్రక్కలనుండి పిలిపించిరి. కదలిన బిడ్డలు 27 మంది. అందఱును లోతులేని వైపునకు బ్రాకిరి. లోతువైపు అద్దముమీదికి వచ్చినవారు ముగ్గురే. కన్నతల్లి పిలిచినను రాలేదు! ఇట్టి జాగ్రత్తను పట్టుకొని మనము పిఱికితన మనుచున్నాము.

ఇంకొక సంగతి. నిలుచుండినప్పుడు మన దేహము ఎల్లప్పుడును కొంచెము ఊగుచునే యుండును. ఎదుట గోడయో చెట్టో దగ్గఱగా నున్నచో కన్ను ఆ యూగుట కనిపెట్టి సరిదిద్దును. ఎత్తునకు బోయినప్పుడు అన్ని వస్తువులును దూరమైపోవుటచే కంటి కా సాయము దొరకదు; కాళ్ళు వణకును. అందుచేత ఎత్తున నున్నప్పుడు మొదట చేతికి దగ్గఱగా నున్న కమ్మిని చూడవలెను, పిమ్మట దూరమున మింటి యంచును చూడవలెను; తిన్నగా క్రిందికి జూచుట చివరి పని. జర్మను కవి గోథే పడుచుతనమున స్ట్రాస్‌బర్గు నగరమున జదువుకొనుచు, తనకు గల యీ భయమును బోగొట్టుకొనుటకై యచ్చటి పెద్దచర్చి గోపురము నెక్కి, మొదట లోపల గొంతసేపు కూర్చుండి, పిమ్మట వెలుపలి యిఱుకుచోట నిలిచెడివాడట. ఇట్లు మాటిమాటికి జేసి భయమును వదలించుకొంటినని తన జీవితచరిత్రలో వ్రాసికొన్నాడు. అతనిని వెనుకనుండి యెవ్వరును నెట్టలేదు. మెట్టుమీద మెట్టుగా, తన యిష్టము వచ్చినప్పుడే యెక్కినాడు. మావారి "బెల్టు బిగించు" సిద్ధాంతమునకు నే నిచ్చిన జవా బిదియే.

మా మొదటి మెట్టు నాంపల్లి నుమాయిష్. 1938లో పబ్లిక్ గార్డెన్సున నారంభమై, 1946లో ఇప్పటి మైదానమునకు మారిన యీ ప్రదర్శనము ఏటేట జనవరిలో మొదలగును గావున సంక్రాంతికి వచ్చినవారికి గొప్ప కాలక్షేపము. అక్కడ పెద్దచక్ర మున్నది. దానికి మూలపురుషుడు ఫెఱిస్ అను అమెరికా యింజనీరు. 1893లో షికాగో ప్రదర్శనమునకై 264 అడుగుల చక్రము నిలిపి, 36 పెట్టెలలో పెట్టె కఱువదిమంది చొప్పున నెక్కించినాడు. మన తిరునాళ్ళ రంగులరాట్నమునకు ఇది పెద్దన్నగారు. నేనును అమ్మాయియు ప్రక్కప్రక్కన గూర్చుంటిమి. మొదటి చుట్టులో అది కమ్మిని తప్ప వేఱేమియు జూడలేదు. రెండవ చుట్టులో దీపముల వరుస చూచినది. మూడవ చుట్టు పైకి బోయి చక్ర మాగినప్పుడు, పెట్టె ఉయ్యాలవలె నూగుచుండగా, నా చేయి పట్టుకొని "అమ్మా, నీ చెయ్యి చల్లగా ఉందే!" అన్నది. నిజమే, నాదియే చల్లగా నున్నది.

మఱునాడు వినోదవనము. ఉదయము రెండిడ్డెనలు తినిపించితిని. వట్టికడుపును పనికిరాదు, నేతి పెసరట్టును పనికిరాదు. లోపలికి బోకముందే అందఱమును ఒక మాట యనుకొంటిమి: వరుసలో చివరిదాక నిలిచినను వెనుదిరుగవచ్చును, వెనుదిరిగినవారిని ఎవ్వరును పిఱికి యనరాదు. మా చెల్లెలి కొడుకు నొసలు చిట్లించినాడు గాని వాని తల్లి చూపునకు దలయూపినాడు.

యంత్రముల నన్నిటిని నేను మూడు తెగలుగా విడదీసికొంటిని. గిరగిర త్రిప్పు గిన్నెలు, గొడుగులు మావంటివారికి కూడవు. పసిపిల్ల లెక్కుచున్నారుగదా యని మోసపోరాదు, చెవికి గష్టము వానియందే. పైకి క్రిందికి బోవునవి భయమునకు బెద్దవి గాని వికారమునకు జిన్నవి. మూడవది కుర్చీ లూగు చలనచిత్రము. ఇందులో దేహము పెద్దగా కదలదు, కన్ను మాత్రము కొండలు దూకుచుండును; వికారము తోచిన తక్షణము కన్నులు మూసికొన్న చాలును, కుదుటబడును. మేమట్లే చేసి యిందు గట్టెక్కితిమి.

చిన్న రోలర్ కోస్టరునకు వరుసలో నిలిచినప్పుడు మా అల్లుడు (చెల్లెలి కొడుకునకు నే బెట్టిన ముద్దుపేరు) తన విద్య వెలిగించెను. 1895 ప్రాంతమున న్యూయార్కు కోనీద్వీపమున గట్టిన తలక్రిందుల చుట్టు సరిగా గుండ్రముగా నుండుటచే ఎక్కినవారి మెడలు నొచ్చెడివట. 1976లో కాలిఫోర్నియాలో కన్నీటిబొట్టు ఆకారమున గట్టిన చుట్టుతో ఆ చిక్కు తీఱినదట. ఈ యుపన్యాసము విని పిల్లకు భయము పెరుగునేమో యనుకొంటిని; విచిత్రముగా దగ్గినది. ఎవరో దీనిని గూర్చి లెక్కలు గట్టినారన్న ధైర్యము గాబోలు. నడిమి పెట్టెలో గూర్చుంటిమి. తల వెనుకకు ఆనించి, పట్టాలు పోవు వైపే చూచుచు, దిగునప్పుడు ఊపిరి బిగబట్టక అఱచుట మా ప్రణాళిక. ఆ గుండె జారుట యేమనగా, పేగులతో సహా మనమందఱము పడుచున్నందున లోపలి బరువు క్షణకాలము తెలియకుండుటయే. చక్కగా నఱచితిమి. దిగిన పిమ్మట నేను చెట్టునీడను పావుగంట కూర్చుంటిని. అమ్మాయి మరల వరుసలో నిలిచినది.

మధ్యాహ్నము పెద్దగోపుర మొకటి. కూర్చుండబెట్టి పైకి దీసికొనిపోయి విడిచిపెట్టుదురు. అమ్మాయి యిరువది నిమిషములు నిలిచి, తన వంతునకు నలుగు రుండగా "నేను రాను" అని తిరిగి వచ్చినది. ఏడ్వలేదు. అల్లుడు నోరు తెఱచినాడు గాని మాట నిలుపుకొన్నాడు. ఆ దినమున నా కన్నిటికంటె నచ్చినది ఇదియే.

స్త్రీలు గమనింపవలసినవి కొన్ని గలవు. గర్భవతులును, గుండెజబ్బు, రక్తపుపోటు, మెడనొప్పి, నడుమునొప్పి గలవారును, క్రొత్తగా శస్త్రచికిత్స జరిగినవారును ఈ వేగపు యంత్రముల నెక్కరాదు. వ్రేలాడు చున్నీ, విరబోసిన జుట్టు చక్రములలో జిక్కుకొన్న ప్రాణాపాయము. నేను చీర మాని సల్వారు వేసికొని, చున్నీ యింటనే విడిచి, జడను ముడిచి, మంగళసూత్రములు రవికలోనికి దోపుకొంటిని.

వేసవిలో పాడేరు బస్సున ముందువరుస కూర్చుండి, పుస్తకము ముట్టక, దారినే చూచుచు బోయితిమి. నాకు వాంతి యొక్కమాఱే, పిల్లకు లేదు. మా యమ్మ వీధియరుగుమీద నీళ్ళచెంబుతో సిద్ధముగా నుండి, మమ్ము జూచి చెంబు క్రింద బెట్టినది. ఆ రాత్రి అన్నము తినుచు అమ్మాయి తాతగారితో గోపురము మాట యెత్తినది. "మళ్ళీ వెళ్తే ఎక్కుతావా?" అని ఆయన యడుగగా, కొంచెము సేపాలోచించి, "ముందు క్రింద నిలబడి పదిమంది ఎక్కి దిగడం చూస్తాను తాతయ్యా" అని, పెరుగు వడ్డించుకొన్నది.